ముందు చక్రాలు వెనక్కి, వెనక చక్రాలు ముందుకి

కొండపల్లి నుంచి బొమ్మలు కొనుక్కొచ్చేవాళ్ళని చూశాను గానీ, బొమ్మను మోసుకుని కొండపల్లి వెళ్ళే మనిషిని మిమ్మల్నే చూశానంటుంది మా ఆవిడ. నిజమే. ఆదివారం పొద్దున్నే నేనూ మా మేనల్లుడూ బెజవాడ నుంచి స్కూటర్ మీద బయల్దేరతాం. వాడి ఒళ్ళో అట్టపెట్టె, అందులో రాళ్ళెక్కే రిమోట్ కారు. రాక్ క్రాలర్ అంటారు. ఖిల్లాకెళ్ళే దారి పక్కన రాళ్ళ మీద ఎండ ముదిరేదాకా దాన్ని ఎక్కించడం, అది దొర్లిపోతే మళ్ళీ నిలబెట్టడం. అదే మా పని.

మిగతా ఆరు రోజులూ నేను ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కౌంటర్‌లో ఉంటాను. పొద్దస్తమానం హౌసింగులు, క్రౌన్ పినియన్లు, హబ్బుల గోలే. అలాంటివాణ్ని ఈ మూరెడు కారు దగ్గర ఎలా పరువు పోగొట్టుకున్నానో చెబుతాను.

కారుతో పాటు వచ్చింది 35 టర్న్ బ్రష్డ్ మోటార్, అంటే లోపల బ్రష్‌లు రాసుకుంటూ కరెంటు అందించేది. టర్న్ అంటే లోపల ఆర్మేచర్‌కి తీగ ఎన్ని చుట్లు చుట్టారన్న లెక్క. చుట్లు పెరిగితే స్పీడ్ తగ్గుతుంది, కరెంటు తక్కువ లాగుతుంది, అంగుళం అంగుళం కదిలించడం తేలికవుతుంది. అందుకే రాళ్ళెక్కేవాళ్ళు 45, 55 టర్న్‌ల వైపు వెళతారు. నా 35 చదును నేల మీద హుషారుగా పోయేది. రాయి ఎదురైతే మాత్రం ట్రిగ్గర్ కొంచెం నొక్కితే కదలదు, ఇంకొంచెం నొక్కితే ఎగిరి పడుతుంది. మే నెలలో అయితే పది నిమిషాలకే మోటార్ మీద వేలు పెట్టి మూడు అంకెలు లెక్కపెట్టలేకపోయేవాణ్ని.

55 టర్న్‌ది కొంటే సరిపోయేది. నేను ఆశకు పోయి బ్రష్‌లు లేని 1800 కేవీ సెన్సర్డ్ బ్రష్‌లెస్ తీసుకున్నాను. ఇక్కడ కేవీ అంటే కిలోవోల్టు కాదు, ఒక్కో వోల్టుకి మోటార్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందన్న లెక్క. సెన్సర్ ఉంటే లోపల తిరిగే రోటర్ ఏ స్థానంలో ఉందో స్పీడ్ కంట్రోలర్‌కి తెలుస్తుంది కాబట్టి కదిలేటప్పుడు వణకదు. సెన్సర్ లేనిది చవక, కానీ రాయి మీద చలిజ్వరం వచ్చినట్టు ఊగుతుంది. క్రాలర్‌కి వద్దు.

ఇక లెక్క. నా కారులో మోటార్‌కుండే చిన్న గేరు, అంటే పినియన్, 14 పళ్ళు, అది తిప్పే పెద్ద స్పర్ గేర్ 56, అంటే నిష్పత్తి 4. గేర్‌బాక్స్ 2.67. యాక్సిల్‌లో 8 పళ్ళ పినియన్, 30 పళ్ళ క్రౌన్, అంటే 3.75. మూడూ గుణిస్తే 40. మోటార్ 40 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి. 7.4 వోల్టుల 2ఎస్, అంటే రెండు సెల్స్ బ్యాటరీకి మోటార్ ఉత్తగా నిమిషానికి 13,320 సార్లు తిరుగుతుంది. టైరు ఎత్తు 11 సెంటీమీటర్లు కాబట్టి గంటకు ఏడు కిలోమీటర్ల దాకా వస్తుంది. బరువు పడితే ఇంకా తక్కువే. బాగానే ఉంది.

బాగాలేనిది యాక్సిల్. మామూలు స్ట్రెయిట్ యాక్సిల్ నడుమ క్రౌన్ ఉండే గుండ్రటి బుర్ర కిందికి వేలాడుతూ ఉంటుంది. చక్రాలు రాయి దాటినా ఆ బుర్ర తట్టుకుని బండి ఆగిపోయేది. దీనికి మందు పోర్టల్ యాక్సిల్. చక్రం దగ్గర ఒకదాని కింద ఒకటి రెండు గేర్లుంటాయి. దాంతో యాక్సిల్ చక్రం మధ్య కంటే పైకి లేస్తుంది. నా దాంట్లో సెంటీమీటరు పైనే లేచింది. ఉనిమోగ్ ట్రక్కులకు ఉండేది ఇదే. మన టిప్పర్లలో చక్రం హబ్బు దగ్గరే వేగం తగ్గించే గేర్లు, అదే హబ్ రిడక్షన్, దానికి చుట్టం అనుకోండి. బలం చక్రం దగ్గరే పెరుగుతుంది కాబట్టి లోపలి షాఫ్టుల మీద మెలి తగ్గుతుంది.

ఈ కన్వర్షన్ కిట్ ఒక్క యాక్సిల్‌కే నాకు బరువైంది. ముందు తగిలేది ముందు యాక్సిలే కదా, ప్రస్తుతానికి దానికే వేద్దామనుకున్నాను. షాపులోనే బిగించి, పక్కన లేత్ మేస్త్రీని పిలిచి మరీ ట్రిగ్గర్ నొక్కాను. వెనక చక్రాలు ముందుకు తోస్తున్నాయి, ముందు చక్రాలు వెనక్కి గీరుతున్నాయి. బండి ఉన్నచోటే ఏడుస్తోంది.

మేస్త్రీ నవ్వు ఆపుకోలేదు. "ఏమయ్యా, రెండు పళ్ళ చక్రాలు కలిస్తే ఒకటి అటూ ఒకటి ఇటూ తిరుగుతాయని, గేర్లమ్ముకునే నీకు నేను చెప్పాలా?"

యాక్సిల్ హౌసింగ్‌ని తలకిందులుగా బిగిస్తే దిశ సరవుతుంది. అయినా పోర్టల్ గేర్లు 12, 23 పళ్ళవి. వెనక చక్రం రెండు చుట్లు తిరిగేలోపు ముందుది ఒక్క చుట్టు పైచిలుకు. రాళ్ళ మీద కావలసింది దీనికి తలకిందులు. ముందు చక్రాలు కాస్త ఎక్కువ తిరిగి బండిని లాగాలి. నోరు మూసుకుని రెండో కిట్ కొన్నాను. రెండు వైపులా వేసేసరికి బండి మొత్తం వెనక్కి నడిచింది. బ్రష్డ్ మోటార్ అయితే రెండు వైర్లు మార్చేస్తే సరి. సెన్సర్డ్‌కి వైర్లు ముట్టుకోకూడదు, కంట్రోలర్ సెట్టింగ్‌లోనే దిశ మార్చాను.

ఇప్పుడు 40 కాస్తా 77 అయింది. వేగం సగానికి పడింది. "మామయ్యా, చీమలు ఓవర్‌టేక్ చేస్తున్నాయి" అన్నాడు మేనల్లుడు. కంట్రోలర్ తట్టుకుంటుందో లేదో చూసుకుని 11.1 వోల్టుల 3ఎస్ పెట్టాను. గంటకు ఐదు కిలోమీటర్లు దాటింది, మనిషి నడక. ఈ యాక్సిల్ ముందే వేసి ఉంటే మోటార్ ఎంత కేవీదో అప్పుడే తేలిపోయేది, నేను తలకిందులుగా మొదలుపెట్టాను. కృష్ణ ఇసుకలో తిప్పుకునేవాళ్ళకి మాత్రం పోర్టల్ దండగ. బండి ఎత్తు పెరిగి పక్కవాలులో తొందరగా పడిపోతుంది కూడా.

మలుపు దగ్గర ఒక నిట్టనిలువు రాయి మాత్రం ఇంకా లొంగలేదు. ముందు చక్రాలు ఎక్కీ ఎక్కగానే బండి వెల్లకిలా పడుతోంది. ముందు హబ్బులకి ఇత్తడి బరువులు కావాలి. మేస్త్రీ మొన్న ఒక ఇత్తడి ముక్కని లేత్ మీదికెక్కించి రెండు రింగులు తీసి చేతిలో పెట్టాడు. డబ్బులు వద్దన్నాడు, ఆదివారం తననీ తీసుకెళ్ళమన్నాడు. స్కూటర్ మీద మేం ముగ్గురం, ఆ అట్టపెట్టె. ఇప్పుడదే టెన్షన్.