మోసే గుంజ, వేలాడే గుంజ

పెంకుటింటి కప్పును లోపలి నుంచి చూస్తే, అడ్డదూలం నడుమ నుంచి కొప్పు కిందున్న వెన్నుగాడి దాకా లేచిన పొట్టి గుంజ కనిపిస్తుంది. కోస్తా పల్లెల పాత ఇళ్లలోనూ, బ్రిటిష్ కాలపు గిడ్డంగుల్లోనూ అది ఒకే తీరుగా ఉంటుంది గనుక రెండు చోట్లా దాని పని ఒకటేననిపిస్తుంది. నిజానికి ఆ రెండు పనులూ ఒకదానికొకటి ఎదురు.

మన పాత పద్ధతిలో గుంజ దూలం మీద నిలబడుతుంది. వెన్నుగాడికి ఆనుకున్న వాసాల బరువు, వానకు నీరు పీల్చిన పెంకుల బరువు ఆ గుంజ గుండా దిగి, దూలం వంగడానికి అన్నిటికన్నా అనువైన చోట, అంటే సరిగ్గా నడిమధ్యన పడతాయి. అందుకే వడ్రంగులు దూలాన్ని లావుగా ఎంచుకుని నిలువుగా వేసేవారు: 4 అంగుళాల మందం, 8 అంగుళాల వెడల్పు గల దుంగను వెడల్పు మీద పడుకోబెట్టే బదులు అంచు మీద నిలబెడితే రెండింతల బరువు మోస్తుంది, అదే బరువుకు వంపు నాలుగో వంతుకు తగ్గుతుంది.

గిడ్డంగిలోని కింగ్‌పోస్ట్ ట్రస్ (నడుమ ఒకే గుంజ ఉన్న ముక్కోణపు కప్పు చట్రం) సంగతి వేరు. అక్కడ రెండు పెద్ద వాసాలు గుంజ తలను చెరోవైపు నుంచి నొక్కి పట్టుకుంటే, గుంజ వాటి మధ్య వేలాడుతూ దూలం నడుమును పైకి లాగి ఉంచుతుంది. దూలం అడుగు నుంచి చుట్టి గుంజకు బిగించిన ఇనుప పట్టీయే దీనికి గుర్తు. బరువును కిందికి దింపే గుంజకు అలాంటి పట్టీతో పనే లేదు. సాధారణంగా 5 నుంచి 8 మీటర్ల వెడల్పుకు ఈ అమరిక సరిపోతుంది, అంతకు మించితే 12 మీటర్ల దాకా రెండు గుంజల క్వీన్‌పోస్ట్ ట్రస్ వాడతారు. వాసాల కాళ్లు గోడలను వెలుపలికి తన్నకుండా ఆపేది కూడా ఆ దూలమే కాబట్టి, అటక ఎత్తు పెంచుకోవడానికి దాన్ని కోయించారని వింటే నాకు నిజంగా భయం వేస్తుంది.

మరమ్మతులో ఈ తేడా బాగా తెలిసి ఉండాలి. గోడలో దిగిన దూలం కొస చెమ్మకూ చెదలకూ ముందుగా లొంగుతుంది. అక్కడ ఉలి మెత్తగా దిగిందంటే పోటు, అంటే కింద నుంచి ఆపే ఊతం, పెట్టక తప్పదు. నిలబడే గుంజ ఉన్న ఇంట్లో, పుచ్చిన కొస దగ్గరే కాక గుంజ సరిగ్గా కిందన కూడా ఒక పోటు పెట్టడం మేలు. ట్రస్‌లో మాత్రం దూలం నడుమ జాకీ పెట్టి ఎత్తకూడదు: లాగుడుకు చేసిన అతుకు మీద నొక్కుడు పడి, గుంజ తల దగ్గర వాసాల పట్టు సడలుతుంది. అక్కడ పోటును గోడ పక్కనే, వాసం కాలు దూలంలో కూర్చున్న చోటికి వీలైనంత దగ్గరగా పెట్టి, పెంకులను రెండు వాలుల నుంచీ సమానంగా దింపుకుంటూ రావాలి.