రీహాబ్ వార్డులో 24 రోజులు: నా అనుభవం

నేను పడ్డది బాత్రూంలో కాదు, మెట్ల మీదా కాదు. తెల్లవారుజామున మంచం దిగి లైటు వేయబోతుంటే, జారిపోయిన దుప్పటి కాలికి చుట్టుకుంది. అంతే. కుడి తుంటి దగ్గర ఎముక విరిగింది. నాకు 73 ఏళ్లు. మర్నాడు ఆపరేషన్ చేసి, విరిగిన ఎముక తల తీసేసి లోహపు బంతి పెట్టారు. ఆపరేషన్ గురించి చెప్పడానికి నా దగ్గరేమీ లేదు, మత్తులో ఉన్నాను. చెప్పాల్సిందల్లా ఆ తర్వాత, మళ్లీ నడవడం, సొంత పనులు చేసుకోవడం నేర్పే రీహాబ్ వార్డులో గడిపిన 24 రోజుల గురించే.

అక్కడికి మార్చేముందు రెండు రాత్రులు నాకసలు గుర్తు లేవు. ఎప్పుడో కాలం చేసిన మా ఆయనతో మాట్లాడానట, చేతికున్న సెలైన్ సూది పీకేసుకున్నానట. అమ్మకు మతి పోయిందేమోనని మా అబ్బాయి హడలిపోయాడు. దీన్ని డెలీరియం అంటారు, పెద్ద వయసులో ఆపరేషన్ తర్వాత చాలామందికి వస్తుంది, మతిమరుపు జబ్బు కాదు అని డాక్టరు చెప్పారు. ఆయన చేయమన్నవి కూడా చిన్న చిన్న పనులే: కళ్లజోడు పెట్టండి, గోడ గడియారం కనపడేలా మంచం తిప్పండి, పగలు మెలకువగా ఉంచండి, రాత్రి లేపకండి. మూడో రోజుకు నేను మనుషుల్లో పడ్డాను. పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు సంచిలో ముందు కళ్లజోడు పడేయండి. వినికిడి మిషన్ ఉంటే అదీ.

రీహాబ్ వార్డులో మొదటి రోజే ఫిజియోథెరపీ అమ్మాయి రెండు కాగితాలు తెచ్చింది. మొదటిది ఆమె నింపేది. బార్తెల్ ఇండెక్స్ అంటారట, రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలమో కొలిచేది. 1965 నాటిది, ఇప్పటికీ అదే వాడుతున్నారు. తినడం, స్నానం, తల దువ్వుకోవడం, బట్టలు కట్టుకోవడం, మలం, మూత్రం ఆపుకోగలగడం, టాయిలెట్‌కి వెళ్లిరావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, నడక, మెట్లు. ఈ పదింటికీ కలిపి 100 మార్కులు. నాకు 35 వచ్చాయి. తినడానికి 10, తల దువ్వుకోవడానికి 5 మాత్రం పూర్తిగా ఇచ్చింది. నడకకూ మెట్లకూ సున్నా.

రెండో కాగితం నేను నింపాల్సింది. ఈక్యూ-5డి అని పేరు. నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, దిగులు గురించి ఐదు ప్రశ్నలు. కింద థర్మామీటరులా నిలువుగా ఒక గీత, అడుగున 0, పైన 100. ఈ రోజు మీ ఆరోగ్యం ఎలా ఉందనిపిస్తోందో దాని మీద గుర్తు పెట్టమన్నారు. నేను 30 దగ్గర పెట్టాను. పక్కనుంచి మా అబ్బాయి, "యాభై పెట్టమ్మా, బాగానే ఉన్నావుగా" అన్నాడు. కాగితం నాది, నువ్వు ఊరుకో అన్నాను.

మర్నాటి నుంచి పని మొదలైంది. లేవడమే ఒక పెద్ద పాఠం. వాకర్ ముందుంటే చేయి దానికేసే పోతుంది. అలా పట్టుకుని లేస్తే అది మన మీదకే వస్తుంది. "చేతులు మంచం అంచు మీద పెట్టి నొక్కండమ్మా, లేచి నిలబడ్డాకే వాకర్" అని ఆ అమ్మాయి రోజుకు ఇరవై సార్లు చెప్పేది. కొత్త బంతి జారకుండా మూడు నెలలపాటు నడుము దగ్గర మరీ వంగకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు, ఎత్తు తక్కువ కుర్చీలో కూర్చోకూడదు. కిందపడ్డ దువ్వెన తీసుకోవడానికి కూడా ఎవరినో పిలవాలి. నొప్పిగా ఉంది, ఇవాళ్టికి పడుకుంటానని ఒకరోజు మొండికేస్తే డాక్టరు ఒక మాట చెప్పారు. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లను పది రోజులు మంచంలోనే ఉంచి చూస్తే, కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిపోయిందట. అది విన్నాక పడుకోవాలంటేనే భయమేసింది.

12వ రోజున మళ్లీ కాగితాలు వచ్చాయి. బార్తెల్ 60కి పెరిగింది. వాకర్‌తో ఒక మనిషి పక్కనుంటే వరండా చివరిదాకా నడుస్తున్నాను. అందరూ సంబరపడ్డారు. రెండో కాగితం మీద నేను 25 దగ్గర గుర్తు పెట్టాను. ఫిజియో అమ్మాయి మొహం పాలిపోయింది. కాగితం తలకిందులుగా పట్టుకున్నానేమో అనుకుందో ఏమో, మళ్లీ అడిగింది. సరిగ్గానే పెట్టాను.

నా గొడవ పగటిది కాదు, రాత్రిది. నాలుగో రోజున యూరిన్ ట్యూబ్ తీసేశారు. నాకు వస్తున్నట్టు తెలుస్తుంది, కాసేపు ఆపుకోగలను కూడా. కానీ రాత్రి ముందుజాగ్రత్త అంటూ డైపర్ వేసేవారు. బెల్లు కొడితే ఎంతకీ ఎవరూ రారు. ఒకరోజు వచ్చిన సిస్టర్, విసుగేమీ లేకుండా, పైగా ముద్దుగానే అంది: "డైపర్ ఉంది కదమ్మా, అందులోనే కానిచ్చేయండి." దుప్పటి మెడదాకా కప్పి, లైటు ఆర్పి వెళ్లిపోయింది. ఆ చీకట్లో అరగంట బిగబట్టి, ఇక ఆగక వదిలేశాను. ముందు వెచ్చగా ఉంటుంది. తర్వాత చల్లబడుతుంది. తెల్లారి మార్చేదాకా కదలకుండా పడుకున్నాను, కదిలితే ఇంకా పాకుతుందని. ఇద్దరు పిల్లల్ని పెంచాను, మా అత్తగారికి చివరి రోజుల్లో అన్నీ చేశాను. ఆవిడ ఆ రోజుల్లో గోడకేసి తిరిగి ఎందుకు పడుకునేదో అప్పుడు తెలిసింది.

బార్తెల్ కాగితం మీద ఆ గడిలో 10 బదులు 5 పడింది, అప్పుడప్పుడు ఆపుకోలేకపోతున్నారని. అదుపు లేనిది నాకా, బెల్లుకా?

నేను కనిపెట్టిన ఉపాయం నీళ్లు మానేయడం. సాయంత్రం నాలుగు దాటితే గుటక కూడా మింగేదాన్ని కాదు. నాలుగైదు రోజులకు లేచి నిలబడితే కళ్లు తిరగడం మొదలైంది. పడుకున్నప్పుడు బీపీ 132, నిలబడ్డ రెండు నిమిషాలకు 106. పైఅంకె 20 అయినా తగ్గితే లెక్కలోకి తీసుకుంటారట, నాకు 26. రెండు రోజులు నడక ఆపేశారు. బీపీ మాత్ర తగ్గించాలా, గుండె పరీక్ష చేయాలా అని డాక్టర్లు తలపట్టుకుంటే నేను నోరు విప్పలేదు. కొడుకు ఎదురుగా ఏమని చెప్పను?

ఫిజియో అమ్మాయి ఆ 25ని మర్చిపోలేదు. సాయంత్రం పని అయ్యాక మళ్లీ వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, "మీకు అన్నిటికన్నా ముందు ఏం చేయగలగాలనుంది?" అని అడిగింది. తలుపు వేసుకుని బాత్రూంకి వెళ్లాలని ఉంది అన్నాను. అనగానే ఏడుపొచ్చింది, ఆపరేషన్ అప్పుడు కూడా రాలేదు. నీళ్ల సంగతి కూడా అప్పుడే చెప్పాను.

మర్నాటి నుంచి ప్లాన్ మారిపోయింది. వరండాలో దూరం పెంచడం పక్కనపెట్టి, మంచం నుంచి బాత్రూంకి, కమోడ్ మీద కూర్చోవడం, లేవడం, ఇదే రోజూ. పగలు నీళ్లు బాగా తాగాలి, పడుకునే ముందు మాత్రం కాస్త తగ్గించాలి. రాత్రికి మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టారు. పదింటికి, రెండింటికి, అయిదింటికి నేను పిలవకుండానే ఎవరో ఒకరు రావాలని చార్టులో రాశారు. మొదటి రాత్రి రెండింటికి ఎవరూ రాలేదు. బెల్లు కొట్టాను, కొడుతూనే ఉన్నాను. తర్వాతి రాత్రి నుంచి వచ్చారు. డైపర్ పోయింది, బీపీ కుదుటపడింది.

17వ రోజున బాత్రూం తలుపు వేసుకున్నాను. గడియ పెట్టకూడదని షరతు, బయట ఆయా నిలబడి ఉంది. పర్వాలేదు. కావాలని కాస్త ఎక్కువసేపే కూర్చున్నాను.

పక్క మంచం ఆవిడ గురించి చెప్పాలి. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది, 80 దాటిన మనిషి. బార్తెల్ ఎన్నడూ 40 దాటలేదు. తన గీత మీద మాత్రం 70 పెట్టేది. ఎలాగండీ అంటే, ఎడమ చేత్తో సొంతంగా జడ వేసుకోవడం వచ్చేసిందని చూపించింది. అది జడలా లేదు. ఆవిడకు మాత్రం అది జడే.

చివరి వారంలో మెట్లు. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషనైన కాలు ముందు. ఇంకో పరీక్ష ఉంది: కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి, వాచీతో లెక్కపెడతారు. మొదట్లో 41 సెకన్లు పట్టింది, ఇంటికొచ్చే ముందు 19. నా వయసువాళ్లకు 12 దాటితే పడే ప్రమాదం ఉన్నట్టేనట. ఆ లెక్కన ఇంకా జాగ్రత్తగా ఉండాల్సినదాన్నే.

డిశ్చార్జి రోజున బార్తెల్ 85. స్నానానికీ మేజోళ్లకూ ఇంకా మనిషి కావాలి. నా గీత మీద 65 పెట్టాను. "85 వచ్చాయి కదమ్మా, నువ్వెప్పుడూ తక్కువే వేసుకుంటావు" అన్నాడు మా అబ్బాయి. వాడికి ఆ రెండు కాగితాలూ ఒకటే.

మేం వచ్చేసరికే వాడు ఇంట్లో కమోడ్ మీద ఎత్తు సీటు, పక్కన పట్టుకునే కడ్డీ, మంచం మీంచి చేతికందేలా లైటు స్విచ్చి పెట్టించాడు. దుప్పటి అంచులు పరుపు కిందకి దోపాడు. మొదటి రాత్రి నాకు తోడుగా నా గదిలోనే చాప వేసుకుని పడుకున్నాడు. రెండింటికి లేచి, మంచం అంచు నొక్కి, వాకర్ పట్టుకుని వెళ్లి తలుపు వేసుకున్నాను. నిమిషం కాకముందే తలుపు అవతలి నుంచి గొంతు.

"అమ్మా, అయిందా?"

"అయ్యాక చెప్తాను, వెళ్లి పడుకో."