పాత తక్‌పట్టీ ప్రోగ్రాము, కొత్త కెర్నెలు

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మా మేనమామ నడిపే పత్తి అడ్తి (కమీషను వ్యాపార) దుకాణంలో రైతుకిచ్చే అమ్మకం చిట్టీలు, అంటే తక్‌పట్టీలు తీసే పాత 32 బిట్ల ప్రోగ్రామును మొన్న కొత్త 64 బిట్ల డెబియన్ (ఒక రకం లినక్స్) కంప్యూటరులోకి మార్చాను. నడపబోతే, కళ్ళెదుట ఉన్న ఫైలునే లేదన్నది. నిజానికి లేనిది ప్రోగ్రాము కాదు, దాన్ని లైబ్రరీలతో కలిపే 32 బిట్ల లోడరు. ఇంతగా తప్పుదోవ పట్టించే సందేశాన్ని నేను మరొకటి చూడలేదు. ఎక్స్86 ప్రాసెసరు 64 బిట్ల కెర్నెలు (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) కిందా పాత 32 బిట్ల ఆదేశాలను నేరుగా అమలు చేస్తుంది. కెర్నెలు కూడా పాత ప్రోగ్రాములు తనను పనులు అడిగే సిస్టం కాల్స్‌ను స్వీకరించి, వాటి పాయింటర్లను (మెమరీ చిరునామాలను) తన కొలతకు మార్చుకుంటుంది కనుక లోటు లైబ్రరీలదే. డెబియన్‌లో ప్యాకేజీలను పెట్టే డీపీకేజీకి ఐ386 (32 బిట్ల ఎక్స్86) ఆర్కిటెక్చరును జోడించి, మూల సీ లైబ్రరీ, లోడరు ఉండే ఆ రకం లిబ్‌సీ6ను పెట్టగానే తక్‌పట్టీ తెర మీదికి వచ్చింది. పాత 32 బిట్ల కెర్నెలు కింద సాధారణంగా 3 జీబీగా ఉండే అడ్రసు స్థలం (ప్రోగ్రాము వాడుకోగల మెమరీ చిరునామాల పరిధి) ఇప్పుడు దాదాపు 4 జీబీ అయింది, మామ లెక్కలకు అది అక్కర లేకపోయినా.