ముక్తేశ్వరం పంటు మీద కోడె

కోటిపల్లి రేవులో పంటు ఎక్కేసరికి పొద్దున్న ఏడున్నర. గౌతమి మీద మంచు విడలేదు, అవతల ముక్తేశ్వరం ఆనవాలే లేదు. నా పక్కనే ఒకాయన ఒంగోలు కోడెని ముకుతాడు పట్టుకుని నిలబడ్డాడు. ఇంజన్ మోతకి అది తల విదిల్చింది. మూపురం నా భుజం దాటి ఉంది.

దీనికన్నా ఇంకో జానెడు ఎత్తు, ఒళ్లంతా నలుపు, వెన్ను మీద లేత చార, ముందుకు వంగిన కొమ్ములు. ఒకప్పుడు యూరప్ అడవుల్లో తిరిగిన ఆరాక్స్ అనే అడవి పశువుల్లో మగది అలా ఉండేది. రాత్రంతా బస్సులో దాని గురించే చదువుతూ వచ్చాను. ఆఖరి ఆరాక్స్ ఒక ఆడది. 1627లో పోలండ్‌లోని యాక్టోరూఫ్ అడవిలో చచ్చిపోయింది. రాజుగారు కాపలా పెట్టినా జాతి నిలవలేదు.

మన మూపురం పశువుల మూలపురుషుడు దీని దాయాది. ఆ ఎముకలు నర్మద లోయలో దొరికాయి, శాస్త్రంలో 'నమాడికస్' అన్న పేరు ఆ నది నుంచే వచ్చింది. అదీ అంతరించిపోయింది.

లంకలో మకాం దగ్గర బాబాయి గడ్డిమేటులోంచి గడ్డి లాగుతున్నాడు. రేపు కనుమ. గిత్తల్ని కాలవకి తోలాలి. ఒకప్పుడు ఆ పాకలో నాలుగు జతలుండేవి, ఇప్పుడు ఒక్కటే.

"ఆరాక్స్‌ని మళ్లీ పుట్టిస్తున్నారట బాబాయ్" అన్నాను.

"చచ్చిందాన్నెలా పుట్టిస్తార్రా?"

చెప్పాను. 1920లలో జర్మనీలో హెక్ అన్నదమ్ములు మొదలుపెట్టారు. వాళ్లు తీసిన పశువులు పొట్టిగా, బరువుగా తేలాయి. 2008 నుంచి నెదర్లాండ్స్‌వాళ్లు టారోస్ పేరుతో మళ్లీ ప్రయత్నిస్తున్నారు. స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ రైతుల దగ్గర మిగిలిన పాత జాతుల్ని ఏరి, ఒకదాని కొమ్ములు, ఇంకోదాని పొడవాటి కాళ్లు ఒకచోటికి తెచ్చే పని అది.

"అంటే పోలికే గానీ అది కాదన్నమాట." బాబాయి గడ్డి కింద పెట్టాడు. "మేమూ అంతేగా. మంచి ఆంబోతుని చూసి ఆవుని దాటించేవాళ్లం. ఇప్పుడు ఊళ్లో ఆంబోతేదీ? చూలు కట్టించేది సూదేగా."

నాకు పాత అచ్చోసిన ఆంబోతు గుర్తొచ్చింది. ఎవరి చేలో పడి మేసినా కర్రెత్తేవాళ్లు కాదు. ఆ ఓర్పు లేని ఊళ్లో అడవి ఎద్దుని తెచ్చి ఎక్కడ వదులుతాం? పైగా ఆ యూరప్ రైతులు తమ పశువుల్ని కబేళాకి తోలేసి ఉంటే టారోస్‌కి మొదలుపెట్టడానికే ఏమీ మిగిలేది కాదు. నాకు ఆరాక్స్ కంటే ముందు ఈ రెండు గిత్తల మీదే బెంగ పట్టుకుంది.

"వీటిని అమ్మకు బాబాయ్" అన్నాను.

ఆయన జవాబు చెప్పలేదు. ఎడమ దాని గంగడోలు కింద చెయ్యేసి గోకుతూ, "పలుపు పట్టుకో, నీళ్లు చల్లగుంటాయి, బెదురుద్ది" అన్నాడు. రెండు చేతులతో పట్టుకున్నాను. అది ఒక్క అడుగేసింది, నేను మూడు అడుగులు పోయాను.