ధాన్యం గదికి ఏసీ

మాది రాజోలు దగ్గర బంగాళా పెంకుల మండువా ఇల్లు. మామయ్యగారి తాతగారు కట్టించారు. గాలి కోసం కట్టిన ఇల్లది. మండువా మీద ఆకాశం, గోడకూ పెంకుకూ మధ్య బెత్తెడు సందు, గదిగదికీ ఎదురెదురు కిటికీలు. ఏసీకి కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. బేరానికి బయలుదేరిన నాడు ఈ సంగతి నాకు తట్టలేదు.

మామయ్యగారికి 82 ఏళ్లు. 2025 మే నెలంతా ఆయన వసారాలో నవారు మంచం మీద విసనకర్రతో కూర్చునే తెల్లవార్చారు. మా వైపు ఎండ పగటి బాధ, ఉక్క రాత్రి బాధ. ఒక పక్క సముద్రం, చుట్టూ కాలవలు, చెరువులు. ఆరేసి తెచ్చిన బట్ట కూడా చెమ్మగానే ఉంటుంది, ఇక ఒంటి మీద చెమట ఎక్కడ ఆరుతుంది? మస్కట్‌లో ఉన్న మావారు ఫోనులో "ఒకటిన్నర టన్నుది తెచ్చి పెట్టించెయ్" అని తేల్చేశారు. ఆయనుండేది కాంక్రీటు పెట్టెలాంటి గదిలో. ఆయనకేం.

ఆ ఏడాదే సెప్టెంబరు 22న ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. దసరా వెళ్లాక అమలాపురం వెళ్లాను. దుకాణంలో అబ్బాయి "గది ఎన్ని అడుగులండీ?" అని ఒక్కటే అడిగాడు. పద్నాలుగుకు పన్నెండు అన్నాను, పడమటి గదిని దృష్టిలో పెట్టుకుని. పైన ఏముందని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. డబ్బు కట్టేముందు బిగించే మనిషిని ఒకసారి ఇంటికి పంపమన్నాను. నేను చేసిన మంచి పని అదొక్కటే.

అతను వచ్చి గది మధ్యలో నిలబడి పైకి చూశాడు. పెంకుల సందుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా పడుతోంది. "అక్కా, దీనికి రెండు టన్నులు పెట్టినా పైన కాకులకే చల్లగా ఉంటుంది" అన్నాడు.

కింద ఫాల్స్ సీలింగ్ వేయించాలన్నాడు. జిప్సం రేకులు మా చెమ్మకు ఉబ్బుతాయని భయం. ప్లాస్టిక్ పలకలు వేస్తే వాటి మీద ఎలుకలు కాపురం పెడతాయని ఇంకో భయం. రెండు రోజులు అదే ఆలోచన. మూడో రోజు కాఫీ తాగుతూ మామయ్యగారు "అబ్బాయికి ధాన్యం గది చూపించావా అమ్మా?" అన్నారు.

ధాన్యం గది ఉత్తరం వైపుంటుంది. పన్నెండుకు పది. తొమ్మిది అడుగుల ఎత్తున టేకు పలకల అటక. ఒకప్పుడు కింద బస్తాలు, పైన కొబ్బరికాయలు ఉండేవట. ఇప్పుడు ధాన్యం కళ్లంలోంచే లారీ ఎక్కుతోంది, గదిలో మిగిలినవి పాత ట్రంకు పెట్టె, ఊరగాయ జాడీలు. ఒకటే చిన్న కిటికీ. గాలి రాదని ఎన్నడూ ఎవరూ అందులో పడుకోలేదు. మనిషి పడకకు ఏ ఏ లోపాలున్నాయో అవన్నీ ఏసీకి సుగుణాలే. అటక పలకల మీద థర్మోకోల్ పరిపించి, సందులు పూడ్పించి, కిటికీకి లోపలివైపు అద్దం రెక్క పెట్టించాను.

దాంతో టన్నుల లెక్కా మారింది. ఏసీ టన్నంటే బరువు కాదు, గదిలోంచి వేడిని లాగే శక్తి. గంటకు 12,000 బీటీయూల వేడి లాగితే ఒక టన్ను. నూట ఇరవై చదరపు అడుగుల నీడ గదికి అది చాలు. ఎందుకైనా మంచిదని పెద్దది కొంటే మా ఉక్కకు నష్టమే. గది గబుక్కున చల్లబడుతుంది, మిషను వెంటనే తగ్గిపోతుంది, చెమ్మ మాత్రం గదిలోనే ఉండిపోతుంది. చెమ్మను పిండాలంటే అది చాలాసేపు నడవాలి. స్టార్ల పట్టీ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లని రాస్తారు కదా, అది 1,600 గంటల లెక్క. మాకు ఐదు నెలలు, రాత్రికి ఎనిమిది గంటలంటే 1,200. ఐదు స్టార్లదే తీసుకున్నాను.

అసలు చికాకు కరెంటుతో. పాత వైరింగు చెక్కపట్టీల మీద నడిచింది, ఎర్త్ అన్నదే లేదు. మీటరు దగ్గర్నుంచి విడిగా 4 చదరపు ఎం.ఎం. రాగి వైరు లాగించి, లోడు మించితే కరెంటు ఆపేసే ఎంసీబీ వేరేగా పెట్టించి, అదనపు లోడుకు డబ్బు కట్టాను. ఎర్త్ గొయ్యి నాలుగడుగులు తవ్వేసరికి నీరూరింది. ఎర్త్‌కు తడి కావాలి కదా, అందుకు మాత్రం మా నేల మంచిది. ఓల్టేజీ వారం రోజులు చూసి క్యాలెండరు మీద రాసుకున్నాను. పగలు 220 దాకా ఉండేది, రాత్రి 175కు పడిపోయేది. చుట్టూ పొలాలు రొయ్యల చెరువులయ్యాయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరగాల్సిందే. ఈ మోడలుకు అక్కర్లేదని దుకాణంలో చెప్పినా స్టెబిలైజరు కొనేశాను.

బిగించే రోజు మూరెడు మందం గోడతో సగం పూట పోయింది. డ్రిల్లు పుల్ల అటు చివరికి అందలేదు. లోపల్నుంచి సగం, బయట్నుంచి సగం తొలిచారు. రెండు కన్నాలూ రెండంగుళాల తేడాతో పక్కపక్కనే ఆగాయి. మళ్లీ తొలిచి, నీరు బయటికి జారేలా వాలు పెట్టేసరికి గదంతా ఎర్రటి ఇటుక పొడి, ఊరగాయ జాడీల మూతల మీద కూడా. బయటి యూనిట్‌కు గోడలో బోల్టు బిగిస్తే గానుగ సున్నం పిండిలా రాలింది. ఆ బరువు ఆ గోడ మొయ్యదు. కొబ్బరి మట్టలు పడని చోటు చూసి, చూరు కింద రెండున్నర అడుగుల ఇటుక దిమ్మ కట్టించాం. సముద్రపు ఉప్పుగాలి దక్షిణం నుంచి వస్తుంది కాబట్టి, ఉత్తరం వైపు కావడమూ కలిసొచ్చింది.

గొట్టాలు కలిపాక అతను "కాస్త గ్యాసు వదిలి లోపలి గాలి తోసేస్తానక్కా, అయిపోతుంది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అది ఆర్-32, మండే గుణం ఉన్న గ్యాసు. పైగా అలా తోస్తే చెమ్మ గొట్టంలోనే మిగులుతుంది. "గాలి పీల్చే పంపు లేదా?" అంటే ఉంది, బండి మీద తేవడానికి బద్ధకం. తెచ్చి ఇరవై నిమిషాలు నడిపించాడు. తర్వాత నట్ల మీద సబ్బు నురగ రాస్తే ఒకచోట చిన్న బుడగ లేచింది. ఏమీ మాట్లాడకుండా విప్పి మళ్లీ బిగించాడు.

ఇప్పుడు మామయ్యగారు 27 డిగ్రీల్లో పెట్టి, ఫ్యాను చిన్నగా తిప్పుకుని పడుకుంటున్నారు. మొదటి రాత్రికే గొట్టం కింద అత్తయ్యగారు పెట్టిన బకెట్టు సగం పైన నిండింది. అన్ని నీళ్లు గాలిలోంచే వచ్చాయంటే ఆవిడ నమ్మలేదు. ఆ నీళ్లు తులసికోటలో పొయ్యవచ్చా అని మామయ్యగారిని అడిగారు. "గాల్లోంచి వచ్చిందే కదా, వాన లాంటిదే" అన్నారాయన. ఆవిడ ఆ బకెట్టు కాసేపు చూసి, తీసుకెళ్లి కనకాంబరాలకు పోశారు. తులసికి ఇప్పటికీ నూతి నీళ్లే.