గడియారం పట్టీ కింది చర్మం

మా అక్క కూతురి పెళ్లికి గాజులు వేయించుకుందామని అనంతపురం పాతూరులో ఒక గాజుల అంగడికి వెళ్లాను. గాజులు వేసే ఆవిడ నా చేతి గడియారం తీయించి, సబ్బునీళ్లు రాసి, బొటనవేలు లోపలికి మడిచి పట్టుకుంది. "పొలం పని చేస్తారామ్మా?" అని మామూలుగా అడిగింది. టీచర్నని చెప్పాను. ఆవిడ ఏమీ అనుకోలేదు గానీ, నేను మాత్రం నా చేతిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాను. గడియారం పట్టీ ఉన్నచోట రెండు వేళ్ల వెడల్పున చర్మం నున్నగా, చామనఛాయలో ఉంది. దానికి ఇటూ అటూ నల్లగా కమిలి, సన్నటి ముడతలతో, గోధుమరంగు మచ్చలతో ఉంది. ఒకే చెయ్యి, ఒకే వయసు. నాకు యాభై ఒకటి.

ఇరవై మూడేళ్లుగా రోజూ స్కూటర్ మీద రాప్తాడు వైపు బడికి వెళ్లి వస్తున్నాను. ముఖానికి హెల్మెట్, మెడకు చున్నీ ఉండేవి. చేతులు మాత్రం హ్యాండిల్ మీద బోర్లా, ఎండకు ఎదురుగా ఉండేవి. వానలే సరిగా పడని, మబ్బే అరుదైన ఊరు మాది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మాకు కొత్త కాదు.

ఆ తరువాత వరుసగా రెండు తప్పులు చేశాను. నా వంటి వాళ్లు చాలామంది ఉంటారని తెలుసు కాబట్టి వాటిని దాచకుండా రాస్తున్నాను.

పక్కింటి అక్క నిమ్మచెక్క మీద చక్కెర చల్లి రుద్దుకోమంది. ఉదయం రుద్దుకుని, పైపైన కడుక్కుని, ఎండలో బడికి వెళ్లాను. మరుసటి రోజు చేతులు మండాయి. మూడో రోజుకు బొబ్బలు లేచాయి. అవి మానాక రసం కారిన దారి వెంట నల్లటి చారలు మిగిలాయి. నిమ్మజాతి రసాల్లో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఇలా కాలుతుందని తరువాత తెలిసింది. నిమ్మకాయ పులిహోరలోకి మంచిది, చేతి మచ్చలకు వద్దు.

ఆ చారలు పోవాలని మందుల దుకాణంలో అడిగితే ఒక చిన్న ట్యూబు ఇచ్చారు. పది రోజుల్లోనే చేతులు తెల్లబడ్డాయి. సంతోషంతో ఇంకో రెండు ట్యూబులు కొన్నాను. రెండు నెలలు గడిచేసరికి చర్మం ఉల్లిపొరలా పలచబడి, సన్నటి ఎర్రటి నరాలు కనిపించసాగాయి. బీరువా మూల తగిలినా గీరుకుపోయేది. అప్పుడు ట్యూబు మీది చిన్న అక్షరాలు చదివాను: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. చివరిది స్టెరాయిడ్. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. ఎక్కువ రోజులు రాస్తే చర్మాన్ని అవే పలచబరుస్తాయి. వయసు కనిపించకూడదని రాసుకున్న మందు నా చేతులకు ఇంకో పదేళ్లు తెచ్చిపెట్టింది.

చివరికి చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ ముందు నా మోచేతిని తిప్పి లోపలివైపు చూపించారు. "దీనికీ మీ వయసే కదా టీచర్ గారూ. ఇక్కడ లేనిది అక్కడ ఉందంటే అది ఎండ చేసిన పని" అన్నారు. చేతి వెనుక చర్మం అసలే పలచన, దాని కింద కొవ్వూ తక్కువ, నూనె గ్రంథులూ తక్కువ. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ను ఏళ్ల తరబడి దెబ్బతీస్తాయి. వాటిలో ఒక రకం మబ్బుల్లోంచీ, బస్సు కిటికీ అద్దంలోంచీ కూడా వస్తుందట.

ఒక్కో మచ్చనూ భూతద్దంతో చూసి, భయపడవలసినవి కావన్నారు. అంచులు వంకరగా ఉన్నా, రంగూ ఆకారమూ మారుతున్నా, రక్తం కారినా, పుండు మానకపోయినా వెంటనే రమ్మన్నారు. పొడి చర్మానికి వేరే కారణం ఉందేమోనని షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించారు. రెండూ బాగానే ఉన్నాయి.

మొదటి రెండు నెలలు మందే లేదు. పాత ట్యూబు మానడం, చర్మంలో తేమను పట్టి ఉంచే యూరియా ఉన్న మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ (ఎండను ఆపే శక్తికి కొలత) 30కి తగ్గని సన్‌స్క్రీన్, అంతే. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి, చేతులు కడిగిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. సుద్దపొడి కడుక్కునే టీచరుకు అది ఎంత కష్టమో అనుభవిస్తేనే తెలుస్తుంది. నాకు నిజంగా పనికొచ్చింది మోచేతి దాకా వచ్చే గుడ్డ గ్లోవ్స్. వేసవిలో రోడ్డు పక్కనే అమ్ముతారు. కొనేముందు వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. వెలుగు తొంగిచూస్తే ఎండా లోపలికి వస్తుంది. నేత దట్టంగా, రంగు ముదురుగా ఉన్నవి మేలు.

అంట్లు తోమేటప్పుడు రబ్బరు గ్లోవ్స్ వేసుకుంటున్నాను. మా బోరు నీళ్లు చవుడు, సబ్బుతో కలిస్తే చెయ్యి తోలులా బిగుసుకుంటుంది. మాయిశ్చరైజర్ చెయ్యి పూర్తిగా ఆరక ముందే, తడి తుడిచిన వెంటనే రాయాలి. ఈ చిన్న మార్పుకే వారంలో తేడా కనిపించింది.

మూడో నెలలో రాత్రిపూట రాయడానికి 0.025 శాతం ట్రెటినాయిన్ ఇచ్చారు. విటమిన్ ఎ జాతి మందు ఇది, పాత ట్యూబులోనూ ఉన్నదే, కానీ ఈసారి స్టెరాయిడ్ కలవకుండా. బఠాణీ గింజంత, మొదట వారానికి రెండుసార్లు. పొట్టు లేచింది, కొంచెం మంట పుట్టింది. మధ్యలో వారం ఆపి, మళ్లీ మొదలుపెట్టాను. ఇది రాసేవాళ్లు ఎండకు మరింత జాగ్రత్తగా ఉండాలి, గర్భిణులు అసలు వాడకూడదు. ఎనిమిది నెలలకు నిమ్మరసం చారలు పోయాయి. మచ్చలు వెలిశాయి, పూర్తిగా పోలేదు. సన్నటి ముడతలు కాస్త సర్దుకున్నాయి.

చేతి వెనుక కొవ్వు తగ్గి పైకి తేలిన నరాలు అలాగే ఉన్నాయి. వాటికి కొవ్వు స్థానంలో ఫిల్లర్ (చర్మం కింద నింపే మందు) ఎక్కించుకోవచ్చట, కొంతకాలానికి మళ్లీ ఎక్కించుకోవాలి. మచ్చలకు లేజర్ ఉంది గానీ, మన రంగు చర్మానికి చేసినచోట నల్లబడే ప్రమాదం ఉందని, చేసినా ముందు చిన్నచోట పరీక్షించాలని డాక్టరు చెప్పారు. ఒకసారి కాలిన చెయ్యి కదా, నేను వద్దనుకున్నాను.

ఇప్పుడు ఊరికి వెళ్లినప్పుడల్లా అమ్మ చేతులకూ ఆ యూరియా క్రీమే రాస్తున్నాను. వేరుశనగ చేలలో కలుపు తీసి, కాయలు ఒలిచి బీటలు వారిన చేతులు. "ఈ వయసులో నాకెందుకమ్మా ఇవన్నీ" అంటూనే చెయ్యి చాపుతుంది. వేళ్ల చివరి పగుళ్లు మానాయి. ఒకటో తేదీన పింఛను ఇచ్చేటప్పుడు వేలిముద్ర పడక నాలుగైదుసార్లు తుడిచి నొక్కించేవారు. పోయిన నెల రెండోసారికే పడిందట. నిన్న ఫోను చేసి, డబ్బా అయిపోయింది, వచ్చేటప్పుడు ఇంకొకటి తెమ్మంది.