ఏఎస్‌ఓ ప్రిపరేషన్: ఒక్క బిట్టు, రెండు సంచుల శెనక్కాయ విత్తనం

అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్ (ఏఎస్‌ఓ) సెలెక్షన్ లిస్టులో నా నెంబరు చూసుకుని నాలుగు రోజులైంది. ఇంకా పొద్దున లేస్తూనే పీడీఎఫ్ తెరిచి, ఉందా పోయిందా అని చూసుకుంటున్నా. అనంతపురంలో నాతో పాటు రూములో చదివినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పలేక ఒకేసారి రాస్తున్నా. సిలబస్, పేపర్ ప్యాటర్న్ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

మొదటి అటెంప్ట్‌లో కటాఫ్‌కి ఒక్క మార్కు కింద ఆగిపోయినా. కీ వచ్చిన రాత్రి ఒక్కో బిట్టూ కొట్టుకుంటూ పోయి ఒకచోట చెయ్యి ఆగింది. అంకెలు నావి, తరహా మాత్రం అదే. నూరుమందిని శిక్షణకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఒకే ప్రశ్న అడిగారు. రెండుసార్లూ అవునన్నవాళ్ళు 30, రెండుసార్లూ కాదన్నవాళ్ళు 50, అవును నుంచి కాదుకు జారినవాళ్ళు 5, కాదు నుంచి అవునుకు వచ్చినవాళ్ళు 15. నేనేం చేసినా? ముందు 35 శాతం, తర్వాత 45 శాతం, రెండు వేర్వేరు గుంపుల శాతాలను పోల్చే రెండు ప్రపోర్షన్ల జెడ్ టెస్టు కొట్టేసినా. 1.44 వచ్చింది, తేడా ఉందనాలంటే దాటాల్సిన 1.96 దాటలేదు, తేడా లేదని పెట్టేసినా. అర నిమిషం కూడా పట్టలేదు, భలే చేశా అనుకున్నా.

ఆ రెండు నూర్లూ ఒకే నూరుమంది గదా! మాట మార్చనివాళ్ళ వల్ల మార్పు గురించి తెలిసేదేమీ లేదు, మారినవాళ్ళనే లెక్కలోకి తీసుకోవాలి. మెక్‌నెమర్ 1947లో ఇచ్చిన టెస్టు అదే. 15లో 5 తీసేసి, వర్గం చేసి, 20తో భాగిస్తే 5. దాటాల్సిన టేబుల్ విలువ 3.84. తేడా ఉంది. కోచింగ్‌లో ఈ టెస్టు రాదులే అని దాటేశారు, నేనూ సంతోషంగా దాటేసినా. రాని మార్కు ఒకటి, దాని మీద కోత మూడో వంతు, మొత్తం 1.33. నేను ఆగింది ఒక్క మార్కు కింద.

రూము ఖాళీ చేసి ఊరికి పోయినా. విత్తే అదును దగ్గర పడింది. ఇంట్లో రెండు సంచుల విత్తనం ఉంది, ఒకటి మేం దాచుకున్నది, ఇంకోటి కొన్నది. నాయన ఏటా చేసే పనే చేసినాడు. ఒక్కో సంచిలోంచి యాభై గింజలు తీసి, తడిపిన గోనెపట్టలో వరసగా పరిచి, చుట్టి, నీళ్ళ తొట్టి పక్కన నీడన పెట్టినాడు. ఐదారు రోజులకు విప్పితే మాదాంట్లో 41 మొలిచినాయి, కొన్నదాంట్లో 32. మొలవని గింజలు వేలితో నొక్కితే మెత్తగా ఉన్నాయి. శెనక్కాయ విత్తనానికి కనీస మొలక 70 శాతం ఉండాలని ప్రమాణం, ఇక్కడ 64. నాయన చెప్పులు తొడుక్కున్నాడు, అమ్మినోడిని నాలుగు మాటలు అడిగొస్తానని.

ఆగు నాయనా అని పెన్సిల్ తీసినా. 64ను 70తో పోల్చేటప్పుడు, గింజలు మారితే శాతం ఎంత ఊగుతుందో చెప్పే స్టాండర్డ్ ఎర్రర్‌లో వేయాల్సింది 0.70, 0.64 కాదు. అసలు మొలక 70 శాతమే అనుకునే నల్ హైపోథిసిస్ నిజమని మొదలుపెట్టినాక దాని విలువే వాడాలి. ఇక్కడే సగంమంది తప్పుతారు. జెడ్ మైనస్ 0.93. యాభై గింజలతో మోసమని తేల్చలేం. కానీ రెండు సంచుల మధ్య తేడా? రెండు సంచులూ కలిపి పూల్ చేస్తే 0.73, జెడ్ 2.03. మొలిచినవి, మొలవనివి రెండు సంచులకూ పట్టికగా రాసి, అనుకున్న లెక్కకు ఎంత దూరమో చూసే కై-స్క్వేర్ వేస్తే 4.11, ఆ జెడ్ వర్గమే. 3.84 దాటింది. అదే పట్టికకు చిన్న సంఖ్యల కోసం యేట్స్ అనే గణాంక శాస్త్రవేత్త 1934లో చెప్పిన సవరణ పెడితే 3.25, దాటలేదు! ఇంకో సంగతి, ఈ కై-స్క్వేర్ టెస్టును 1900లో కనిపెట్టిన కార్ల్ పియర్సన్ లెక్కన 2×2 పట్టికకు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (స్వేచ్ఛగా మారగల గడుల సంఖ్య) 3, అంటే 7.81 దాటాలి. ఒకటేనని 1922లో ఫిషర్ అనే మరో గణాంక శాస్త్రవేత్త చూపిస్తే పెద్దాయన ఒప్పుకోనే లేదు. కనిపెట్టినాయనే తడబడిన చోట మనకు తప్పులొస్తే ఏడవాల్సిన పని లేదప్పా.

ఇదంతా నాయనకు చెప్తే ఆయన ఒకటే అడిగినాడు: "యాభై గింజలకే ఇన్ని మాటలేంరా, ఇంకో నూరేసి సూడు."

వేసినాం. నూటికి 80, నూటికి 66. యేట్స్ సవరణతో కూడా 4.29. తేడా తేలింది, అదీ ఏ ఫార్ములా వాడినా. నాయన అమ్మినోడి దగ్గరికి పోలేదు, కొన్న విత్తనం సాళ్ళలో కాస్త దగ్గర దగ్గరగా వేయించినాడు. నేను ఆ వారమే మళ్ళీ అనంతపురం బస్సెక్కినా.

మిగతాది మామూలే. పాత పేపర్లు, జనరల్ స్టడీస్, ఆదివారం మాక్ టెస్ట్. ఈ టెస్టుల చాప్టర్‌లో మాత్రం ప్రతి లెక్క ముందు డేటా ఎట్లా పోగైంది, మనుషులు ఒకరేనా వేరా, అని ఒక లైను రాసుకునేవాడిని. తేడా లేకుంటే గడుల్లో రావాల్సిన లెక్కలు, అంటే ఎక్స్‌పెక్టెడ్ విలువలు, 5 కంటే తగ్గితే ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్టు. పాలు ముందు పోసిన నాలుగు కప్పులేవో రుచి చూసి చెప్పమన్న ఫిషర్ ఎనిమిది కప్పుల టీ కథలో వచ్చే 70లో 1 ఎట్లా వచ్చిందో చూడకుండా చేయండి. మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి 1948 నాటి స్కోర్ టెస్టును ప్రపోర్షన్లకు పెడితే పియర్సన్ కై-స్క్వేరే వస్తుందని తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. నవ్వితే నవ్వండి.

పోస్టులు ఎక్కువ పడ్డాయి కాబట్టి వచ్చిందిలే అన్నాడు మా చిన్నాయన కొడుకు. పడితే పడ్డాయి, వాడు కూడా అదే పరీక్ష రాసినాడు గదా. పొద్దున అయిదుకు లేవమంటే లేవడు, టేబుల్ విలువలు గుర్తుండవు, ఫోను మాత్రం దిండు కింద. నేను ఏడాది పాటు వాట్సాప్ తీసేసినా. మీరూ తీసేయండి... సరే, ఇది చదివినాక.

నోట్స్ అడుగుతున్నారు. సగం పేజీల్లో శెనక్కాయ లెక్కలే ఉన్నాయి, ఒకచోట గోనె తడి కూడా అంటింది. పరవాలేదంటే సర్టిఫికెట్ వెరిఫికేషన్ అయిపోయినాక ఫోటోలు తీసి పెడతా.